మూగబోయిన పాటలపెట్టె మళ్ళీ పలికింది

పిల్లలూ! టీవీ రిమోటు పనిచేయకపోతే మీరేం చేస్తారు? అరచేతిలో వేసుకుని రెండు దెబ్బలు కొడతారు. అవునా? ఒక్కోసారి అది పలుకుతుంది కూడా. అప్పుడు "నేనే బాగుచేశాను" అని గర్వంగా చెప్పుకుంటారు. కాని నిజం చెప్పండి. అది ఎందుకు పాడైందో మీకు తెలిసిందా? ఎందుకు బాగైందో తెలిసిందా? రెండూ తెలియలేదు. అలాంటప్పుడు అది మరమ్మతు కాదు, అదృష్టం.

కారణం వెతికి పట్టుకుని బాగుచేయడం వేరే విద్య. ఆ విద్యను ఒక చిన్న పాటలపెట్టె నాకు నేర్పింది. అదీ నా పొరపాటు వల్లనే! ఆ కథ వినండి.

నేను ఆళ్లగడ్డలో సైన్సు చెప్పే మాస్టారిని. మా ఊరు శిల్పులకు పేరు పొందిన ఊరని మీరు వినే ఉంటారు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వాళ్ళ తాత కూడా శిల్పే. తాతను మా వైపు 'అబ్బ' అంటారు. ఆ అబ్బ ఉలి దెబ్బకు తగ్గట్టు తాళం కుదుర్చుకుని తత్వాలు పాడేవాడట. అమ్మాయి నాన్న దగ్గర బొటనవేలంత పాటల ప్లేయరు ఒకటి ఉండేది. అందులో మైకు కూడా ఉంది. దానితో ఆయన 23 పాటలు రికార్డు చేశాడు. రెండేళ్ళ క్రితం అబ్బ పోయాడు. ఆ 23 పాటలు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు.

ఒకరోజు అమ్మాయి దాన్ని నా దగ్గరకు తెచ్చింది. "సార్, దీంట్లో తెలుగు పేర్లు పెడితే కనపడవు. అన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. మా అవ్వ అబ్బ పాట అడిగితే ఏది ఏదో తెలీదు సార్" అంది. నేను ఉత్సాహపడి, అందులో 'రాక్‌బాక్స్' అనే కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాను. బాగానే పనిచేసింది. వారం తర్వాత పాటలన్నీ ఒక కొత్త ఫోల్డరులోకి సర్దుతూ, రాక్‌బాక్స్‌ను కూడా తాజా సంచికకు మారుస్తున్నాను. ఇంతలో గంట కొట్టారు. తొందరలో తీగ పీకేసి తరగతికి వెళ్ళిపోయాను.

మర్నాడు ఉదయం అమ్మాయి కళ్ళనిండా నీళ్ళతో వచ్చింది. "సార్, బొమ్మ వచ్చి ఆడనే నిలబడిపోతాంది. మా అబ్బ పాటలు పోయినట్టేనా సార్?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పెట్టెలో ఏముంది?

ముందు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం. విప్పి చూస్తే అందులో ఐదు ముఖ్యమైన భాగాలు కనిపిస్తాయి: లెక్కలు చేసే ప్రాసెసరు, పాటలు దాచే ఫ్లాష్ మెమరీ, అంకెలను శబ్దంగా మార్చే భాగం, బ్యాటరీ, మీటలూ తెరా.

శబ్దాన్ని అంకెలుగా ఎలా దాస్తారు? సంగీతపు సీడీలో సెకనుకు 44,100 సార్లు శబ్దతరంగపు ఎత్తును కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, రెండు వరసలు. హెచ్చించి చూడండి: 44,100 × 16 × 2 = 14,11,200. అంటే సెకనుకు 14 లక్షల బిట్లకు పైమాటే! ఈ లెక్కన ఐదు నిమిషాల పాటకు సుమారు 53 మెగాబైట్లు కావాలి.

ఎంపీ3 పద్ధతిలో మన చెవి ఎలాగూ పట్టించుకోని వివరాలను వదిలేస్తారు. పెద్ద డప్పు మోగుతున్నప్పుడు పక్కన చీమ నడిచిన చప్పుడు వినపడదు కదా! ఇంచుమించు అలాంటి ఉపాయమే. సెకనుకు 1,28,000 బిట్ల ఎంపీ3లో అదే పాట 4.8 మెగాబైట్లలో ఇమిడిపోతుంది. అంటే పదకొండో వంతు! ఇలా కుదించిన పాటను మళ్ళీ విప్పి, అంకెలు వరసగా అందించడమే ప్రాసెసరు పని.

కాని ప్రాసెసరుకు ఆ పని ఎవరు చెబుతారు? ఏ మీట నొక్కితే ఏం చేయాలి, తెరమీద ఏం రాయాలి, పాటను ఎలా విప్పాలి అనే ఆదేశాలన్నీ ముందుగానే రాసి పెట్టెలో భద్రపరుస్తారు. దాన్నే ఫర్మ్‌వేరు అంటారు. ముట్టుకోగలిగిన సామాను హార్డ్‌వేరు, సులభంగా మార్చుకోగలిగిన ఆదేశాలు సాఫ్ట్‌వేరు. ఈ రెంటికీ నడుమ నిలిచేది కాబట్టి 1967లో ఆషర్ ఆప్లర్ అనే ఆయన ఈ పేరు పెట్టాడు.

కంపెనీ ఇచ్చిందే గతా?

పెట్టెతోపాటు కంపెనీవారు ఒక ఫర్మ్‌వేరు ఇస్తారు. అది నచ్చకపోతే? 2001లో స్వీడనులో కొందరు మిత్రులకు ఇదే సందేహం కలిగింది. వాళ్ళ దగ్గర ఫ్రాన్సు కంపెనీ తయారుచేసిన ఆర్కోస్ జూక్‌బాక్స్ అనే ప్లేయరు ఉంది. దానితో వచ్చిన ఫర్మ్‌వేరు వాళ్ళకు తృప్తి కలిగించలేదు. బ్యోర్న్ స్టెన్‌బెర్గ్, డేనియల్ స్టెన్‌బెర్గ్, లినుస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్ మొదలైనవాళ్ళు తామే ఒకటి రాయడం మొదలుపెట్టారు. అదే రాక్‌బాక్స్. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు.

తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు చేయి కలిపారు. ఎన్నో రకాల ప్లేయర్లకు దాన్ని అమర్చారు. ఐపాడ్ 2001లో వచ్చింది, 2022లో దాని తయారీ ఆగిపోయింది. కాని పాత ఐపాడ్లు కొన్ని రాక్‌బాక్స్‌తో ఇంకా పాడుతూనే ఉన్నాయి. 2025లో కూడా రాక్‌బాక్స్ కొత్త సంచిక వెలువడింది.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఒకటుంది. అది మాట్లాడుతుంది! తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించేలా దాన్ని ఏర్పాటు చేసుకోవచ్చు. కళ్ళు కనపడనివారికి ఇది ఎంత మేలో ఆలోచించండి. ఈ సంగతి గుర్తుంచుకోండి. కథ చివర మళ్ళీ పనికొస్తుంది.

కాలువ వెంట నడిచినట్లు

సరే, మన మూగ పెట్టె దగ్గరకు వద్దాం. కె.సి. కెనాల్ కింద సాగుచేసే రైతును చూడండి. చివరి మడికి నీళ్ళు రాకపోతే అతడు మడిలో కూర్చుని బాధపడడు. కాలువ గట్టు వెంట పైకి నడుస్తాడు. ఈ తూము దగ్గర నీళ్ళున్నాయా? ఉన్నాయి. పై తూము దగ్గర? అక్కడా ఉన్నాయి. అయితే అడ్డు ఈ రెంటికీ దిగువనే ఉంది! ఇలా తడిసిన చోటికీ ఎండిన చోటికీ మధ్య ఉన్న హద్దు దొరికితే లోపం దొరికినట్లే.

ప్లేయరులో కూడా ఒక కాలువ ఉంది. మీట నొక్కగానే ముందుగా చిప్పులోనే శాశ్వతంగా ఉన్న చిన్న ఆదేశాల ముక్క మేల్కొంటుంది. అది బూట్‌లోడరును పిలుస్తుంది. బూట్‌లోడరు వెళ్ళి మెమరీలో రాక్‌బాక్స్ ఫైలును వెతికి తెస్తుంది. రాక్‌బాక్స్ లేచి అమరికలు చదువుతుంది, అక్షరాల బొమ్మలు తెచ్చుకుంటుంది, పాటల పట్టిక తయారు చేస్తుంది. ఆ తర్వాతే పాట.

మన పెట్టె ఎక్కడ ఆగింది? తెరమీద బొమ్మ వచ్చింది. అంటే బ్యాటరీ, తెర, ప్రాసెసరు, బూట్‌లోడరు అన్నీ బతికే ఉన్నాయి. బొమ్మ కింద ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం ఉంది: 'ఫైల్ నాట్ ఫౌండ్'. ఫైలు దొరకలేదని అర్థం. అమ్మాయి దాన్ని చదవనేలేదు. భయంలో నేనూ మొదట చదవలేదు. పిల్లలూ, యంత్రం చెప్పే మాటను ముందు ఉన్నదున్నట్లుగా కాగితం మీద రాసుకోండి. వైద్యుడు రోగి మాట వినకుండా మందు రాస్తాడా?

బూట్‌లోడరు వెళ్ళింది, వెతికింది, దొరకలేదని తిరిగి వచ్చింది. తడి అక్కడిదాకా ఉంది. ఆ తర్వాత ఎండ.

ముందు చేయకూడని పని

ఆ సాయంత్రం కంప్యూటరుకు కలిపితే తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ డిస్కులో లోపం ఉంది, ఫార్మాట్ చేయమంటారా అని. 'సరే' అన్న మీట మీదికి నా వేలు వెళ్ళింది. కాని ఆగాను. ఫార్మాట్ అంటే పాత పద్దు చింపేసి కొత్త పద్దు తెరవడం. పెట్టె బాగవుతుంది. అబ్బ పాటలు?

మరమ్మతులో మొదటి సూత్రం ఇదే: బాగుచేయడం కంటే ముందు, ఉన్నదాన్ని పోగొట్టకుండా చూడాలి.

మర్నాడు ఆదివారం. పెట్టెను జేబులో పెట్టుకుని బస్సెక్కి నంద్యాల వెళ్ళాను. సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ నా పాత విద్యార్థి ఒకడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. సంగతంతా విని, "సార్, మనం దేన్నీ ముట్టుకోవద్దు. ముందు మొత్తం మెమరీకి నకలు తీద్దాం. ఆపరేషన్ నకలు మీదే చేద్దాం" అన్నాడు. ఒకప్పుడు వాడికి నేను పాఠం చెప్పాను. ఆరోజు వాడు నాకు చెప్పాడు.

ప్లేయరును మామూలుగా కాకుండా ఒక మీట నొక్కి పట్టుకుని వెలిగించాం. రాక్‌బాక్స్ ఎక్కించినా కంపెనీ ఫర్మ్‌వేరు ఆ పెట్టెలో ఒక పక్కన అలాగే ఉంటుంది. ఆ మీట నొక్కితే అది లేస్తుంది. లేచింది! అంటే హార్డ్‌వేరులో లోపం లేదని రుజువైంది. కంప్యూటరుకు కలిపి, మొదటి బిట్టు నుంచి చివరి బిట్టు దాకా మెమరీ మొత్తాన్ని నకలు తీశాం. ఆ నకలుకు మరో నకలు తీసి పక్కన పెట్టాం.

పుస్తకం ఉంది, పద్దు లేదు

నకలులో చూస్తే 22 రికార్డింగులు క్షేమంగా ఉన్నాయి. ఒకటి లేదు. రాక్‌బాక్స్ ఫోల్డరులో ముఖ్యమైన ఫైలూ లేదు. ఎందుకు?

బడి లైబ్రరీని ఊహించుకోండి. బీరువాల్లో పుస్తకాలుంటాయి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే రిజిస్టరు బల్ల మీద ఉంటుంది. మెమరీలో కూడా పాటలు ఒకచోట, వాటి రిజిస్టరు ఒకచోట ఉంటాయి. మనం ఒక పాటను ఒక ఫోల్డరు నుంచి మరో ఫోల్డరుకు 'జరిపితే' నిజానికి పాట కదలదు. పాత పేజీలో పద్దు కొట్టేసి కొత్త పేజీలో రాస్తారు, అంతే. పైగా వేగం కోసం కంప్యూటరు ఈ రాతపనిని కొంత తన దగ్గర దాచుకుని, తీరిక చూసుకుని రాస్తుంది. 'తీగ తీయవచ్చా' అని అడిగి తీయమనేది అందుకే.

నేను అడగలేదు. పాత పద్దు కొట్టివేత జరిగింది. కొత్త పద్దు రాయకముందే తీగ పీకేశాను. పుస్తకం అరలోనే ఉంది, రిజిస్టరులో దాని పేరు ఎక్కడా లేదు!

డిస్కును తనిఖీ చేసే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని రెండో నకలు మీద నడిపాం. ఏ పద్దులోనూ లేకుండా మిగిలిపోయిన ముక్కలను అది పోగుచేసి, వాటికి వరసగా అంకెల పేర్లు పెట్టి ఇచ్చింది. వాటిలో ఏది పాట? ఏది చెత్త? నా విద్యార్థి ఒక్కో ఫైలు మొదటి నాలుగు బైట్లను తెరిచి చూశాడు. ప్లేయర్లు రికార్డు చేసే వేవ్ ఫైలు ఎప్పుడూ ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అనే నాలుగక్షరాలతో మొదలవుతుంది. అంకెల్లో 82, 73, 70, 70. మూడో ఫైలు తెరిచాడు. 82, 73, 70, 70!

మీట నొక్కాడు. మొదట ఉలి చప్పుడు. ఆ తర్వాత ముసలి గొంతు ఒకటి సన్నగా రాగం తీసింది. ఆ దుకాణంలో కాసేపు మేమిద్దరం మాట్లాడలేదు.

ఒక లోపం వెనుక ఇంకొకటి

23 పాటలూ రెండు చోట్ల భద్రమయ్యాక, ఇప్పుడు మాత్రమే ప్లేయరును ఫార్మాట్ చేశాం. సరిగ్గా ఆ మాడలుకే ఉద్దేశించిన రాక్‌బాక్స్ ఫోల్డరును పూర్తిగా ఎక్కించాం. పైకి ఒకేలా కనిపించే ప్లేయర్లలో లోపల వేరు వేరు చిప్పులుండవచ్చు. అందుకే మాడలు సరిచూసుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఫోల్డరు పేరు చుక్కతో మొదలవుతుంది. కొన్ని కంప్యూటర్లు అలాంటి ఫోల్డర్లను కంటికి చూపించవు. లేదనుకుని కంగారు పడేవాళ్ళు చాలామంది.

ఈసారి తీగను అడిగి తీశాం. ప్లేయరు లేచింది! అబ్బ పాటలు పలికాయి. కాని అమ్మాయి నాన్న దాచుకున్న 64 సినిమా పాటలు కూడా ఎక్కించాక, పాటల పట్టిక తయారుచేస్తూ మధ్యలో బిగుసుకుపోయింది. ఆఫ్ మీటను చాలాసేపు నొక్కి పట్టుకుంటేగాని ఆరలేదు.

ఏదో ఒక పాట ఫైలు చెడిందని అనుమానం. 64లో ఏది? ఒక్కొక్కటే తీసి చూస్తే 64 సార్లు చూడవలసి రావచ్చు. మేమేం చేశామో తెలుసా? సగం తీసేశాం. 32 మాత్రమే ఉంచాం. బాగానే నడిచింది. అంటే దొంగ తీసేసిన 32లో ఉన్నాడు. అందులో 16 పెట్టి చూశాం. బిగుసుకుంది. ఆ 16లో 8, తర్వాత 4, 2, 1. ఆరు పరీక్షల్లో దొంగ దొరికాడు! ఆ ఫైలు మొదట్లో పాట పేరు, పాడినవారి పేరు రాసి ఉంచే వివరాల చీటీ చెడిపోయి ఉంది. దాన్ని తీసేస్తే మిగతావి చక్కగా పాడాయి.

వెయ్యి పాటలున్నా ఇలా పది పరీక్షలు చాలు. ఎందుకంటే 2ను పదిసార్లు వేసి గుణిస్తే 1,024. సగం చేయడంలో ఎంత బలముందో చూశారా!

డబ్బాల రహస్యం

అన్నీ అయ్యాయి. మరి తెలుగు పేర్లు? అవి రాక్‌బాక్స్‌లో కూడా సరిగ్గా రాలేదు. ఇది రోగం కాదు, లేమి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ యూనికోడ్ పద్ధతిలో సంఖ్యలున్నాయి. తెలుగుకు అందులో 128 స్థానాలు కేటాయించారు. పేరు ఫైలులో భద్రంగానే ఉంటుంది. కాని తెరమీద గీయాలంటే ఆ సంఖ్యకు తగిన బొమ్మ ఫాంటులో ఉండాలి. లేకపోతే డబ్బా వస్తుంది.

బొమ్మలున్న ఫాంటు పెట్టినా మన కష్టం తీరదు. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేర్చితే చాలు. 'లక్ష్మి' అని రాయాలంటే గుణింతం పైకెక్కాలి, ఒత్తులు కిందికి దిగాలి. ఈ కూర్పు చేయడానికి వేరే ప్రోగ్రాము కావాలి. చిన్న పెట్టెల్లో సాధారణంగా అది ఉండదు. మీలో ఎవరైనా పెద్దయ్యాక ఆ పని చేయకూడదా? రాక్‌బాక్స్ ఆదేశాలు అందరికీ తెరిచే ఉన్నాయి మరి!

అప్పటికి ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే అమ్మాయి అంది: "సార్, మా అవ్వకు ఎట్లాగూ చదువు రాదు. ఆ పెట్టే పేరు చెప్తే బాగుండు."

నాకు తట్టనే లేదు! అవసరం చదివేవారిది కాదు, వినేవారిది. పాట పేరును పలికే చిన్న శబ్దపు ఫైలును పాట పక్కన ఉంచితే రాక్‌బాక్స్ దాన్ని వినిపిస్తుంది. అమ్మాయి చేతనే 23 పేర్లూ చెప్పించి రికార్డు చేసి, రాక్‌బాక్స్ చదవగలిగే పద్ధతిలోకి మార్చి ఎక్కించాం.

కాదు, 22 పేర్లే. రిజిస్టరు నుంచి జారిపోయిన ఆ పాట పేరు, తేదీ రెండూ పోయాయి. ఏ యంత్రమూ వాటిని తిరిగి ఇవ్వలేదు. పెట్టెను అవ్వ చేతిలో పెట్టి ఆ పాట వినిపించాం. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "ఇది అహోబిలం తిరణాలకు పోయొచ్చిన మర్నాడు పాడినాడు. గొంతు రాసుకుపోయింది, వినపళ్ళా?" అంది. అమ్మాయి వెంటనే ఆ పేరు చెప్పి రికార్డు చేసింది: 'తిరణాల మర్నాటి పాట'.

మీరూ చేయండి

ఏ యంత్రం ఆగినా ఈ వరస పాటించండి. ఒకటి, యంత్రం చెప్పిన మాటను ఉన్నదున్నట్లు రాసుకోవాలి. రెండు, ఉన్నదానికి నకలు తీయాలి. మూడు, ఎక్కడిదాకా పనిచేసిందో చూడాలి. నాలుగు, ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఫలించిందో తెలియదు. ఐదు, బాగైనా ఆగక, ఎందుకు బాగైందో చెప్పగలగాలి. ఒక హెచ్చరిక: ఫర్మ్‌వేరు మారుస్తుండగా బ్యాటరీ అయిపోకూడదు, తీగ కదలకూడదు. ఉబ్బిన బ్యాటరీని విప్పకండి, పెద్దలకు చూపించండి.

ఇక ఒక ఆట. మీ స్నేహితుణ్ణి 1 నుంచి 1,000 లోపు ఒక సంఖ్య అనుకోమనండి. "500 కన్నా పెద్దదా?" అని మొదలుపెట్టండి. పది ప్రశ్నల్లో పట్టుకోగలరా? పట్టుకుంటే, 64 పాటల్లో దొంగను మేమెలా పట్టామో మీకు పూర్తిగా అర్థమైనట్లే.

ఇంకొక పని కూడా ఉంది, అది ఈ రాత్రికే చేయండి. మీ ఇంట్లో పెద్దల గొంతు ఏ ఫోనులోనో, ఏ పెట్టెలోనో ఒక్కచోటే ఉందేమో అడిగి చూడండి. ఉంటే రెండో నకలు తీసి వేరేచోట దాచండి. తీగను మాత్రం అడిగి తీయండి సుమా!